దస్తర్‌ఖాన్: ధాన్యం లేని బాదం వాఫెల్, ఖుబానీ గుజ్జు

గోధుమ పడని బిడ్డ ఉన్న ఇంట్లో పండుగ పూట ఎలా గడుస్తుందో ఆ ఇంటివారికే తెలుసు. ఈద్ నమాజు ముగించుకొని వచ్చిన వారందరి ముందూ షీర్ ఖుర్మా గిన్నెలు చేరతాయి. అందులోని సేమ్యా గోధుమదే. రంజాన్ నెలలో ఊరంతా ఇష్టంగా తినే హలీమ్‌లో గోధుమ ఉంది. సమోసా పైపొర మైదా, ఉస్మానియా బిస్కెట్టు మైదా. నాన్, షీర్‌మాల్, డబుల్ కా మీఠా అన్నీ ఆ గింజ సంతానమే. బంధువుల ఇంటికి వెళితే ‘ఒక్క ముక్క తింటే ఏమవుతుందమ్మా?’ అనే ప్రశ్న ఎదురవుతుంది. ఏమవుతుందో తల్లికి తెలుసు. కానీ పదిమందిలో వివరించలేక, సంచిలోంచి బిడ్డ కోసం తెచ్చిన డబ్బా తీస్తుంది. ఆ డబ్బాలో ఉన్నది ఎంత రుచికరమైనదైనా కావచ్చు, అందరూ ఒకటి తింటుంటే తాను మరొకటి తినడం పసిమనసుకు భారమే.

అందుచేత ఈ నెల రోగికి వేరుగా వండిపెట్టే పథ్యం కాక, ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెంలోంచి తీసుకోగల వంటకం ఒకటి ఎంచుకున్నాం. బాదం పొడితో వాఫెల్, దానిపై మన హైదరాబాదు వంటిళ్ళకు చిరపరిచితమైన ఖుబానీ గుజ్జు. ఇందులో గోధుమే కాదు, ఏ ధాన్యమూ లేదు.

వాఫెల్ ఐరోపా వంటకం. రెండు ఇనుప పలకల మధ్య పిండిని నొక్కి కాల్చే పద్ధతి అక్కడ మధ్యయుగాల నుంచి ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాలు దీనికి పేరుపొందాయి. అమెరికాలోని ట్రాయ్ నగరానికి చెందిన కోర్నీలియస్ స్వార్ట్‌హౌట్ 1869 ఆగస్టు 24న పొయ్యిపై వాడుకునే వాఫెల్ పెనానికి పేటెంటు పొందాడు. ఇప్పుడు మన నగరాల్లోనూ వాఫెల్ దుకాణాలు వెలిశాయి కనుక పిల్లలకు దీనిని పరిచయం చేయనక్కరలేదు. గళ్ళు గళ్ళుగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉండే రొట్టె అంటే పెద్దలకూ అర్థమవుతుంది.

అసలు గోధుమ ఎందుకు పడదో ముందు చెప్పుకుందాం. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగడానికి, బ్రెడ్డు పొంగి నిలబడడానికి కారణం అదే. సీలియాక్ అనే వ్యాధి ఉన్నవారిలో ఈ గ్లూటెన్ కడుపులోకి వెళ్ళగానే దేహరక్షణ వ్యవస్థ తన చిన్నప్రేగు పైనే దాడి చేస్తుంది. ఆహారసారాన్ని పీల్చుకునే ఆంత్ర చూషకాలు అరిగిపోతాయి. బిడ్డ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఎదుగుదల ఆగుతుంది, రక్తహీనత వస్తుంది, కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు వేధిస్తాయి. కొందరిలో ఇవేవీ పైకి కనిపించవు కూడా. దీనికి జీవితాంతం గ్లూటెన్ లేని ఆహారం తప్ప వేరే చికిత్స లేదు. ‘ఒక్క ముక్క’ కూడా హాని చేస్తుందని తల్లి అంటే అది అతిజాగ్రత్త కాదు.

ఈ రహస్యం బయటపడిన తీరు గమనించదగినది. నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. సీలియాక్ పిల్లలకు గోధుమ రొట్టె హాని చేస్తోందేమోనన్న అనుమానం ఆయనకు ముందునుంచీ ఉంది. 1944-45 చలికాలంలో, రెండవ ప్రపంచయుద్ధం చివరి నెలల్లో, ఆ దేశంలో భయంకరమైన కరవు వచ్చింది. రొట్టె దొరకలేదు. దేశమంతా చిక్కి శల్యమవుతుంటే ఈ పిల్లలు మాత్రం కోలుకోసాగారు. యుద్ధం ముగిసి రొట్టె తిరిగి రాగానే వారి జబ్బూ తిరిగివచ్చింది. డికె తన పరిశోధనను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బిడ్డకు కడుపునొప్పి వస్తోందని ఇంట్లోనే నిర్ణయించుకొని గోధుమ మాన్పించకండి. సీలియాక్‌ను నిర్ధారించే రక్తపరీక్ష, ప్రేగు ముక్కతీసి చేసే పరీక్ష, రెండూ గోధుమ తింటున్నప్పుడే సరైన ఫలితం ఇస్తాయి. ముందే మానేస్తే వ్యాధి దాగిపోతుంది. మొదట వైద్యుడు, ఆ తర్వాతే వంటిల్లు.

‘గోధుమ పడకపోతే అన్నం ఉంది, ఇడ్లీ ఉంది, జొన్నరొట్టె ఉంది, మరి ధాన్యమే లేని వాఫెల్ దేనికి?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వరి, జొన్న, రాగి, సజ్జ, మొక్కజొన్నలలో హానిచేసే గ్లూటెన్ లేదు. సీలియాక్ బిడ్డకు రోజువారీ భోజనం అవే కావాలి, బాదం కాదు. తెలుగునేల వంట ఈ విషయంలో ఆ బిడ్డలకు ఎంతో అనుకూలం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పిండిమర దగ్గర. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలూ ఆడతారు. ముందువారి గోధుమపిండి మన జొన్నపిండిలో కలుస్తుంది. అలాగే బజారు ఇంగువలో చాలా రకాలకు గోధుమపిండి కలుపుతారు; సాంబారులో చిటికెడు వేసినా అది లోపలికి వెళుతుంది. బాదం సంగతి వేరు. పొట్టుతో ఉన్న పప్పు కంటికి కనిపిస్తుంది. కడుగుతాము, వేడినీటిలో వేసి పొట్టు తీస్తాము, మన మిక్సీలో మనమే పొడిచేసుకుంటాము. మధ్యలో మర లేదు. నమ్మకంగా వండుకోవడానికి ఇది పెద్ద సౌలభ్యం. అయితే రెడీమేడ్ బాదం పొడి ప్యాకెట్టుకు ఈ మాట వర్తించదు. దానిపై రాసినది చదివి తీరాలి.

ధాన్యాలన్నీ విడిచి గింజల పొడితో రొట్టెలు, కేకులు చేసే అలవాటు పాశ్చాత్య దేశాల ఇళ్ళలోకి రావడానికి మరో కథ ఉంది. న్యూయార్కు వైద్యుడు సిడ్నీ హాస్ 1924లో సీలియాక్ పిల్లలకు అరటిపండ్లు ప్రధానంగా, రొట్టె లేకుండా ఆహారం పెట్టి మేలు కలిగిందని ప్రకటించాడు. మేలు అరటిపండు వల్లనే అని ఆయన నమ్మాడు. నిజానికి మేలు చేసింది రొట్టె మానడం. దశాబ్దాల తర్వాత పెద్దప్రేగు వ్యాధితో బాధపడుతున్న తన కూతురిని ఇలెయిన్ గాట్‌షాల్ అనే తల్లి ఆయన దగ్గరకే తీసుకువెళ్ళింది. ఆమె ఆ తర్వాత జీవరసాయన శాస్త్రం చదువుకొని, 1987లో ఈ ఆహారపద్ధతిపై పుస్తకం వెలువరించింది. ధాన్యం, చక్కెర రెండూ లేని ఆ పద్ధతిలో పిండికి బదులు బాదం పొడి వాడతారు. ఆ ఆహారం ప్రేగు వ్యాధులన్నింటికీ మందు అని మేము చెప్పము; అది వైద్యులు తేల్చవలసిన విషయం. ఒక తల్లి తన బిడ్డ కోసం పట్టిన దారి వేల వంటిళ్ళకు బాదం పొడిని చేర్చిందన్నది మాత్రం వాస్తవం.

మనకు ఇందులో కొత్తేమీ లేదనుకోండి. బాదం నూరి చక్కెరతో కలిపి చేసే లౌజీనజ్ పదవ శతాబ్దపు బగ్దాదు వంటల పుస్తకంలోనే ఉంది. మన ఇళ్ళలో చేసే బాదం కీ జాలీ కూడా పిండి ఎరుగని మిఠాయే. బాదమే పిండిగా నిలిచే వంటను మనవాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు. దానిని గళ్ళ పెనంలో కాల్చడం ఒక్కటే కొత్త.

ఇక వంటకు వద్దాం. నాలుగు మధ్యరకం వాఫెల్స్‌కు కావలసినవి: బాదం పొడి 200 గ్రాములు, కోడిగుడ్లు 3, కరిగించిన నెయ్యి 2 టేబుల్ స్పూన్లు, పాలు లేదా నీళ్ళు 60 మిల్లీలీటర్లు, తేనె 1 టేబుల్ స్పూన్, వంటసోడా అర టీ స్పూన్, నిమ్మరసం ఒకటిన్నర టీ స్పూన్లు, ఉప్పు పావు టీ స్పూన్, యాలకుల పొడి కొద్దిగా. బేకింగ్ పౌడర్ ఎందుకు రాయలేదంటే, అందులో సాధారణంగా మొక్కజొన్న పిండి వంటి పదార్థం కలుస్తుంది. అది కూడా ధాన్యమే. సోడా, నిమ్మరసం కలిస్తే ఆ పని అవే చేస్తాయి. వనిల్లా ఎసెన్సు చాలావరకు ఆల్కహాలులో తీసినదే కనుక మన వంటింట దాని అవసరం లేదు. యాలకుల పరిమళం బాదానికి ఎసెన్సు కన్నా బాగా కుదురుతుందని కూడా మా అభిప్రాయం.

ఈ వంటలో మంచిచెడ్డలన్నీ బాదం పొడి దగ్గరే తేలిపోతాయి. మరుగుతున్న నీటిలో బాదం వేసి, ఒక నిమిషం ఆగి వంచి, చన్నీళ్ళు పోస్తే పొట్టు వేళ్ళ మధ్య జారిపోతుంది. ఆ తర్వాత గుడ్డపై పరచి పూర్తిగా ఆరనివ్వాలి. ఒక రాత్రంతా ఆరితే మేలు. చాలనిపించకపోతే సన్నని సెగపై, రంగు మారకుండా, కొద్దిసేపు వెచ్చబెట్టి చల్లార్చాలి. తడి ఉన్న బాదం మిక్సీలో పొడి కాదు, ముద్ద అవుతుంది. ఆరిన పప్పును అరగంట ఫ్రీజర్‌లో ఉంచి, కొద్దికొద్దిగా వేసి, మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. వరుసగా తిప్పితే వేడెక్కి నూనె వదులుతుంది. గోధుమకు, బాదానికి తేడా ఇక్కడే ఉంది. గోధుమను ఎంత మెత్తగా ఆడితే అంత మంచిది. బాదంలో సగం బరువు నూనే కాబట్టి ఒక హద్దు దాటగానే అది పొడిగా ఉండడం మానేస్తుంది. జల్లించి, పైన మిగిలిన రవ్వను మళ్ళీ తిప్పుకోండి. జల్లెడ కూడా గోధుమపిండి ఎరుగనిదై ఉండాలి.

గ్లూటెన్ లేని పిండిని పట్టి ఉంచేది ఏది? గుడ్డు. అందుకే మూడు గుడ్లు రాశాం. వేడి తగలగానే గుడ్డులోని మాంసకృత్తు గట్టిపడి బాదం రవ్వను పట్టి నిలుపుతుంది. గుడ్డు వద్దనుకునేవారు మరో వంటకం చూసుకోవడం మంచిది, ఇది విరిగిపోతుంది. గుడ్లను తెల్లసొన, పచ్చసొన వేరుచేసి, తెల్లసొనను నురగ వచ్చేలా గిలకొట్టి చివర కలిపితే వాఫెల్ మరింత తేలికగా వస్తుంది. పండుగ పూట అంత ఓపిక లేకపోతే మొత్తం కలిపి కొట్టినా నష్టం లేదు.

గుడ్లు, నెయ్యి, పాలు, తేనె కలిపి గిలకొట్టాలి. బాదం పొడి, ఉప్పు, సోడా, యాలకుల పొడి వేరే గిన్నెలో కలిపి, అందులో ఈ ద్రవం పోసి ఉండలు లేకుండా కలపాలి. ఇడ్లీ పిండి ఎంత చిక్కగా ఉంటుందో అంత చిక్కగా ఉండాలి. నిమ్మరసం చివర వేయాలి. వేయగానే పిండి కొద్దిగా పొంగుతుంది, ఆలస్యం చేయకుండా పెనంలోకి పోయాలి. వాఫెల్ మేకర్‌ను ముందే వేడిచేసి, ప్రతి వాయికీ రెండు పలకలకూ నెయ్యి రాయాలి. గళ్ళ మూలలు మరచిపోకూడదు. తేనె, మాంసకృత్తు ఎక్కువ ఉన్న పిండి త్వరగా ఎర్రబడుతుంది, అంటుకుంటుంది. అందుచేత మంట మధ్యస్థం కన్నా తక్కువే ఉండాలి. నాలుగైదు నిమిషాలు పడుతుంది. పక్కలనుంచి ఆవిరి వస్తున్నంతసేపూ మూత ఎత్తకండి. తొందరపడి ఎత్తితే వాఫెల్ రెండుగా చీలి, సగం పైపలకకు, సగం కిందిపలకకు అతుక్కుంటుంది. ఆవిరి తగ్గిన తర్వాత మెల్లగా ఎత్తి, చెక్క గరిటెతో తీసి, తీగల జల్లీపై ఉంచాలి. పళ్ళెంలో పెడితే కింద చెమ్మ పట్టి మెత్తబడుతుంది. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా తోచినా రెండు నిమిషాలలో పైపొర గట్టిపడుతుంది.

ధాన్యం లేని పిండికి వాఫెల్ రూపమే ఎందుకు తగినదో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. ఇదే పిండితో పెనంపై అట్టు పోస్తే తిరగవేసేటప్పుడు ముక్కలవుతుంది. వాఫెల్‌ను తిరగవేయనక్కరలేదు, రెండు వైపులా ఒకేసారి కాలుతుంది.

వాఫెల్ మేకర్ లేనివారు దిగులుపడవద్దు. గుంత పొంగనాల పెనం ఉంది కదా! గుంటల్లో నెయ్యి వేసి, సగానికి కొంచెం పైదాకా పిండి పోసి, మూతపెట్టి సన్నని సెగపై కాల్చి, పుల్లతో తిప్పాలి. ఆకారం మారుతుంది, రుచి మారదు. చిన్నపిల్లల చేతికి ఇవే అనువు.

పరికరం గురించి మరొక మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒకప్పుడు మైదా వాఫెల్స్ కాల్చిన పెనాన్ని సీలియాక్ బిడ్డ కోసం వాడకూడదు. ఆ గళ్ళ సందుల్లో మాడిన మైదా రేణువులు ఎంత తుడిచినా పోవు. ఎరువు తెచ్చుకున్న మేకర్ అసలే వద్దు. బిడ్డ కోసం ఒకటి కొత్తది కొని, దానిపై గుర్తు పెట్టి, ఇంట్లో ఇతరులెవరూ మైదాతో ముట్టకుండా చూడండి. మిక్సీ గిన్నె, చెక్క గరిటె విషయంలోనూ అంతే. బజారు వాఫెల్ దుకాణంలో ‘గ్లూటెన్ లేనిది’ అని బోర్డు ఉన్నా, అదే పెనంపై మైదావి కూడా కాలుస్తున్నారేమో అడిగి తెలుసుకోవాలి.

పై గుజ్జుకు ఖుబానీలు 150 గ్రాములు. గింజతో ఉన్న చిన్న గోధుమరంగు ఎండు ఖుబానీలైతే శ్రేష్ఠం. కడిగి రెండు కప్పుల నీటిలో రాత్రి నానబెట్టండి. ఉదయం గింజలు తీసి, నానిన నీటితోనే సన్నని సెగపై ఉడికించండి. ఇరవై నిమిషాలలో పండు మెత్తబడి నీరు చిక్కబడుతుంది. గరిటెతో సగం మెదిపి, సగం ముక్కలుగా వదిలేయండి. చక్కెర వేయనక్కరలేదు, ఖుబానీ తీపే చాలు. నాలుగు చుక్కల నిమ్మరసం ఆ తీపికి పదును పెడుతుంది. చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ వేశారా, ధాన్యం వెనుక తలుపు నుంచి వచ్చినట్లే! కొంచెం ఎక్కువసేపు మరగనిస్తే గుజ్జు తనంతట తానే చిక్కబడుతుంది. ఖుబానీ గింజ పగలగొడితే లోపల బాదం వంటి పప్పు ఉంటుంది. ఖుబానీ కా మీఠాపై అలంకరించేది అదే. ఒకటి కొరికి చూసి, తియ్యగా ఉంటేనే వాడండి. చేదు పప్పు కడుపులో సైనైడ్ విషాన్ని పుట్టిస్తుంది కనుక పారవేయాలి.

ఋతువును బట్టి పండు మార్చుకోవచ్చు. వేసవిలో బంగినపల్లి ముక్కలు పచ్చివే చాలు. ఆశ్వయుజ కార్తికాల్లో సీతాఫలం గుజ్జు తీసి చల్లగా వేయండి, ఉడికిస్తే చేదెక్కుతుంది. దానిమ్మ గింజలు, జామ ముక్కలు, నెయ్యిలో వేయించిన అరటి చక్రాలు అన్నీ నప్పుతాయి. పుచ్చకాయ మాత్రం వద్దు. నీరు కారి వాఫెల్‌ను నానబెడుతుంది.

బాదం ధర అందరికీ అందుబాటులో ఉండదు. పలాస వైపు జీడిపప్పు పరిశ్రమల నుంచి వచ్చే ముక్క జీడిపప్పు నిండు పప్పు కన్నా తక్కువ ధరకు దొరుకుతుంది. పొడిచేస్తే ముక్కకూ నిండు పప్పుకూ భేదం ఏముంటుంది? జీడిపప్పు వాఫెల్ బాదం దానికన్నా మెత్తగా, కొంచెం తియ్యగా వస్తుంది, పాలు కాస్త తగ్గించుకోవాలి. అక్రోటు ఒక్కదానితో చేస్తే రంగు నల్లబడి వగరు వస్తుంది, బాదంలో నాలుగో వంతు కలిపితే బాగుంటుంది. వేరుశనగ చవకే గానీ దాని వాసన ఖుబానీని మింగేస్తుంది. వేరుశనగలైనా, బాదమైనా, జీడిపప్పైనా కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయి. అతిథులకు వడ్డించే ముందు, ఇరుగుపొరుగుకు పంపే ముందు ఇందులో ఏమేమి ఉన్నాయో చెప్పడం తప్పనిసరి. ఏడాది నిండని పసివారికి తేనె పెట్టకూడదు కనుక వారికి ఇది వద్దు.

ధాన్యం లేదు కాబట్టి ఎంత తిన్నా ఒళ్ళు రాదనుకునేవారు కొందరున్నారు. 100 గ్రాముల బాదంలో సుమారు 580 కేలరీలు ఉంటాయి. గుడ్డు, నెయ్యి కలుపుకుంటే ఇందులో ఒక్కొక్క వాఫెల్ 400 కేలరీలు దాటుతుంది. ఒకటి తింటే ఒక పూట ఫలహారం అయినట్లే. మధుమేహం ఉన్న పెద్దలకు పిండిపదార్థం తక్కువన్నది నిజమే అయినా, పైన వేసే ఎండు ఖుబానీలో చక్కెర తక్కువేమీ కాదు. వారికి ఒక చెంచా చాలు.

బాదం పొడి గాలి తగలని డబ్బాలో, ఫ్రిజ్‌లో ఉంచితే కొన్ని వారాలు నిలుస్తుంది, బయట ఉంచితే ముక్కవాసన పడుతుంది. కాల్చిన వాఫెల్స్‌ను చల్లార్చి, మధ్య మధ్య వెన్న కాగితం పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కావలసినప్పుడు తీసి, ఆరకముందే మూతపెట్టకుండా, పొడి పెనంపై సన్నని సెగమీద రెండు వైపులా వేడిచేస్తే పైపొర తిరిగి కరకరలాడుతుంది. పండుగకు ముందురోజే ఇరవై దాకా చేసి ఉంచి, ఖుబానీలు ఆ రాత్రి నానబెట్టుకుంటే ఉదయం పని తేలిక. చుట్టాల ఇంటికి తీసుకువెళ్ళేటట్లయితే బిడ్డకు సరిపడా రెండు కాక, అక్కడి పిల్లలందరికీ సరిపడా తీసుకువెళ్ళండి.